మామూలు రోజులకో పుస్తకం: పిల్లలతో కలిసి ఇంటి స్క్రాప్‌బుక్ తయారుచేసే పద్ధతి

మా ఇంటి స్క్రాప్‌బుక్ ఎవరి చేతికిచ్చినా తిప్పుతూ తిప్పుతూ ఒకే పేజీ దగ్గర ఆగుతారు. ఆ పేజీలో ఉన్నవి మూడే. తెగిపోయిన తెల్ల షూ లేసు ముక్క, రెండు చిన్న చేతులు మాత్రమే కనిపించే ఫోటో, పెన్సిల్‌తో రాసిన రెండు వాక్యాలు: "రెండు పాములు దన్డం పెట్టుకోవాలి. తరవాత ఒక పాము రెండోదాని కింద నుంచి దూరిపోవాలి." మా పాప ఆరేళ్ళప్పుడు లేసు కట్టుకోవడం నేర్చుకున్న రోజు, ఎలా కట్టావమ్మా అని అడిగితే చెప్పిన మాటలవి. తనే రాసింది. ‘దండం’ తప్పు రాసింది, అలాగే ఉంచాం. అదే ఏడాది పుట్టినరోజుకు తీసిన వందల ఫోటోలు ఫోన్‌లో ఎక్కడో ఉన్నాయి. వాటిని చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

వేడుక జరిగితే ఎవరో ఒకరు ఫోటోలు తీస్తూనే ఉంటారు. ఏ వేడుకా లేని మంగళవారం సంగతి ఎవరికీ పట్టదు. పిల్లలు పెరిగేదేమో ఎక్కువగా ఆ మంగళవారాల్లోనే. మనలో చాలామందికి గుర్తున్న తొలి జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ళ వయసుకు అటూ ఇటూగా ఉంటుంది. అంతకు ముందువి ఎంత తలచుకున్నా రావు. అంటే మీ బిడ్డ తొలి మూడేళ్ళ రోజువారీ బతుకుకు సాక్షులు మీరే. మీరు రాసిపెడితే ఉంటుంది, లేకపోతే పోతుంది. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ మామూలు రోజుల్ని పిల్లల చేతులతో, పిల్లల మాటలతో కాగితం మీదికి ఎలా తేవాలన్నదే. అందమైన పేజీలు ఎలా చేయాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ సంగతి నేను పెద్దగా ఎత్తను.

1. ముందు లెక్క చూసుకోండి

చాలా స్క్రాప్‌బుక్‌లు మొదటి పది పేజీల దగ్గరే ఆగిపోతాయి. "పుట్టినప్పటి నుంచి మొదలుపెడదాం" అనుకోవడమే దానికి కారణం. పాత ఫోటోలు వెతకడంలోనే నెల గడిచిపోతుంది, ఈలోపు ఉత్సాహం చల్లారుతుంది. ఈ వారం నుంచి మొదలుపెట్టండి. పాతవి ఎప్పుడైనా తీరిక దొరికితే వేరే ఆల్బమ్‌గా చేసుకోవచ్చు.

20 అట్టలున్న ఆల్బమ్ తీసుకుంటే రెండు వైపులా కలిపి 40 పేజీలు. నెలకు మూడు పేజీల చొప్పున ఏడాదికి 36. మిగిలిన నాలుగింటిలో మొదటి పేజీకి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఎవరి వయసు ఎంతో రాయండి. చివరి పేజీ ఏడాది ఆఖర్న రాయడానికి ఖాళీగా ఉంచండి. మిగతా రెండూ పిల్లలకు వదిలేయండి. వాటిలో ఏం చేసినా మీరు అడగకూడదు.

నెలకు మూడు పేజీలంటే పది రోజులకొకటి. ఒక్కోదానికి ముప్పావు గంట చాలు. నాలుగైదేళ్ళ పిల్లలు అంతసేపు కూడా కూర్చోరు, ఇరవై నిమిషాలకే లేచిపోతారు. అప్పుడు పేజీని సగంలో వదిలేసి మర్నాడు కొనసాగించండి. కూర్చోబెట్టి పూర్తి చేయించారంటే ఇది కూడా హోంవర్క్ అయిపోతుంది.

2. ఆల్బమ్, కాగితం, జిగురు

ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. ఇప్పుడు చేసే తప్పు పదేళ్ళ తర్వాత గానీ కనిపించదు.

స్క్రాప్‌బుక్‌లకు బాగా వాడుకలో ఉన్న సైజు 12 అంగుళాల చదరం. చూడటానికి బాగుంటుంది గానీ పిల్లలతో చేసేటప్పుడు నాకు ఏ4 సైజే నచ్చుతుంది. పిల్లలు గీసే బొమ్మలు ఎక్కువగా ఏ4 కాగితం మీదే ఉంటాయి, వాళ్ళ చెయ్యి పేజీ పైఅంచు దాకా అందుతుంది, స్కాన్ చేయడమూ తేలిక. బైండింగ్ మాత్రం రింగులదో, స్క్రూలదో అయి ఉండాలి. గట్టిగా కుట్టిన పుస్తకంలో నాలుగు మందమైన వస్తువులు అంటించేసరికి అట్ట మూతపడదు. రింగుల ఆల్బమ్‌లో పేజీ తీయవచ్చు, చేర్చవచ్చు, పాడైతే మార్చవచ్చు. పేజీల కాగితం 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) లేదా అంతకన్నా మందంగా ఉంటే జిగురు రాసినా ముడతలు పడదు.

కాగితం మీద ‘యాసిడ్ ఫ్రీ’, ‘లిగ్నిన్ ఫ్రీ’ అని రెండూ ఉన్నాయేమో చూడండి. లిగ్నిన్ అంటే చెట్టు కాండానికి గట్టిదనం ఇచ్చే పదార్థం. అది మిగిలిపోయిన కాగితం వెలుతురుకు, గాలికి పసుపెక్కి పెళుసవుతుంది. పాత వార్తాపత్రికను ముట్టుకుంటే పొడిపొడిగా రాలడానికి కారణం అదే. ఆమ్లం ఉన్న కాగితం తనతో పాటు పక్కన ఉన్న ఫోటోను కూడా చెడగొడుతుంది. కాగితంగానీ జిగురుగానీ ఫోటోకు హాని చేస్తుందో లేదో చూడటానికి ‘ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్’ అని ఒక ప్రమాణ పరీక్ష ఉంది, దాని నంబరు ఐఎస్ఓ 18916. ప్యాకెట్ మీద ఆ పరీక్ష నెగ్గినట్టు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు.

ప్లాస్టిక్ కవర్లు వాడితే పీవీసీ అనే రకం వద్దు. కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే అది పీవీసీ కావచ్చు. కాలం గడిచేకొద్దీ అది వదిలే వాయువులు, మెత్తదనం కోసం కలిపే పదార్థాలు ఫోటోను పాడుచేస్తాయి. పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్, పాలియెస్టర్ కవర్లకు ఆ బెడద లేదు.

జిగురు సంగతి. ఫోటోలకు అన్నిటికన్నా మంచివి మూలలకు తొడిగే కాగితపు కార్నర్లు. ఫోటోకు జిగురే తగలదు, కావాలంటే బయటికి తీయవచ్చు. పిల్లలకు వాటిని అంటించడం ఆటలా ఉంటుంది. బొమ్మలకు, చీటీలకు యాసిడ్ ఫ్రీ గ్లూ స్టిక్ సరిపోతుంది. బరువున్న వాటిని సూదీ దారంతో పేజీకి కుట్టేయండి. లేసు ముక్కను మేం అలాగే కుట్టాం, ఇప్పటికీ కదల్లేదు. మామూలు సెల్లోటేప్ మాత్రం దరిదాపుల్లోకి రానివ్వకండి. కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ఊడిపోతుంది, గోధుమరంగు జిడ్డు మచ్చ కాగితంలో ఉండిపోతుంది.

పారదర్శక పొర ఎత్తి ఫోటో పెట్టి మళ్ళీ మూసే జిగురు పేజీల ఆల్బమ్‌లు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంటాయి. మా పెళ్ళినాటి ఫోటోలు కొన్ని అలాంటి దాంట్లో ఇరుక్కున్నాయి. జిగురు పసుపు చారలుగా మారింది, ఒక ఫోటోను పీకబోతే సగం చిరిగింది. మీ దగ్గర అలాంటిది ఉంటే ముందు పేజీని ఉన్నదున్నట్టు ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాత పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే మైనం లేని ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక్కి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ నెమ్మదిగా లాగితే చాలావరకు ఊడివస్తుంది. రాకపోతే వదిలేయండి, బలవంతం చేయకండి. జిగురు సమస్య ఎంత పాతదంటే, నీళ్ళు తడిపితే అంటుకునేలా ముందే జిగురు పూసిన స్క్రాప్‌బుక్ పేజీలకు రచయిత మార్క్ ట్వేన్ 1873లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు.

రాయడానికి పిగ్మెంట్ సిరా (నీళ్ళలో కరగని రంగు పొడితో చేసిన సిరా) పెన్నులు కొనండి. అవి వెలిసిపోవు, తడిస్తే పాకవు. మామూలు స్కెచ్ పెన్నుల రంగు వెలుతురుకు పోతుంది. పెన్సిల్ రాత, ఆశ్చర్యంగా, చాలాకాలం నిలుస్తుంది. అందుకే పిల్లల చేతికి పెన్సిల్ ఇవ్వడానికి వెనకాడకండి.

3. ఒక పెట్టె, కొన్ని చీటీలు

పేజీ చేసే రోజు కూర్చుని ఏముందా అని వెతికితే ఏమీ దొరకదు. ఒక ఖాళీ చెప్పుల డబ్బాను అందరి చేతికీ అందే చోట పెట్టండి. వారమంతా దాంట్లో పడుతూ ఉండాలి: బస్సు టికెట్టు, బల్ల మీద వదిలేసిన చీటీ, ఊడిన గుండీ, చిన్నదైపోయిన పెన్సిల్, తమ్ముడు అక్కకు రాసిన బెదిరింపు ఉత్తరం.

ఈ డబ్బాతో పాటు చిత్తు కాగితాన్ని చీటీలుగా కత్తిరించి, పక్కన ఒక పెన్సిల్ కట్టి ఉంచండి. ఏ వస్తువు వేసినా ఒక చీటీ జతచేయాలి. దాని మీద తేదీ, ఎవరిది, ఒక్క వాక్యం. ఈ మొత్తం పనిలో తప్పనిసరి అని నేను చెప్పే నియమం ఇదొక్కటే. చీటీ లేని గులకరాయి మూడు వారాల తర్వాత ఉత్త గులకరాయి. "మార్చి 4, చెరువు దగ్గర తమ్ముడికి ఇవ్వనని జేబులో దాచింది" అని ఉంటే అదే రాయి ఒక పేజీ అవుతుంది.

బిల్లులు, టికెట్లు కొన్ని వేడితో అచ్చయ్యే నున్నటి కాగితం మీద వస్తాయి. గోటితో గట్టిగా గీస్తే నల్లగీత పడితే అది ఆ రకమే. దాని మీది అక్షరాలు కొన్ని నెలల్లోనో, ఏళ్ళలోనో మాయమైపోతాయి. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా పోతాయి. అలాంటి వాటిని వెంటనే జిరాక్స్ తీసి, ఆ కాపీని అంటించండి. మేం తొలిసారి ముగ్గురం కలిసి సినిమాకు వెళ్ళిన టికెట్టు ఇప్పుడు తెల్ల కాగితం ముక్క.

ఆకులు, పూలు తేమగా ఉండగా అంటిస్తే బూజు పడుతుంది. పీల్చే కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి, రెండు నుంచి నాలుగు వారాలు ఉంచాలి. మొదటి వారంలో కాగితాలు రెండుమూడుసార్లు మార్చండి. ఆ ఎదురుచూపు పిల్లలకు కష్టమే. రోజూ పుస్తకం ఎత్తి చూస్తారు, చూడనివ్వండి.

4. ఫోటోలు: తక్కువ తీయండి, దగ్గరికి వెళ్ళండి

2014లో లిండా హెంకెల్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఒక అధ్యయనం ప్రచురించారు. మ్యూజియంలో వస్తువుల్ని ఊరికే చూసినప్పటితో పోలిస్తే, వాటిని ఫోటో తీసినప్పుడు వివరాలు తక్కువగా గుర్తున్నాయి. అయితే వస్తువులో ఏదో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. మన పనికి ఇందులో రెండు పాఠాలున్నాయి. ప్రతిదీ తీయకండి. తీసేటప్పుడు దేన్ని తీస్తున్నారో తేల్చుకుని తీయండి.

"ఇటు చూడు, నవ్వు" అంటే మామూలు రోజు అక్కడికి ఆగిపోతుంది. పిల్లలు తమ పనిలో ఉండగా, మీరు మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ కళ్ళ ఎత్తు నుంచి తీయండి. ముఖమే ఉండాలని లేదు. చేతులు, మట్టి మడమలు, విప్పి పడేసిన చొక్కా, మంచం కింద నుంచి బయటికి కనిపించే కాళ్ళు. వెనకాల ఉన్న చిందరవందరను సర్దకండి. ఇరవై ఏళ్ళ తర్వాత అందరూ వేలుపెట్టి చూపించేది ఆ గోడ రంగునూ, ఆ పాత కుర్చీనే.

వారానికి ఒక రోజు పది నిమిషాలు కెమెరా పిల్లల చేతికివ్వండి. వాళ్ళు తీసిన వాటిలో నేల, గడప, కుక్క తోక, మన గడ్డం కింది భాగం ఉంటాయి. ఆ ఎత్తు నుంచి ఇల్లు ఎలా ఉంటుందో మనం మరిచిపోయాం, ఆ ఫోటోలు గుర్తుచేస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. రోజూ ఫోటోలు తీసేవాళ్ళు ఏ ఫోటోలోనూ ఉండరు. ఏడాది చివర లెక్క చూస్తే అమ్మో నాన్నో పుస్తకంలో కనిపించకపోవడం చాలా ఇళ్ళలో జరిగేదే. పిల్లలు తీస్తే ఆ లోటు తీరుతుంది.

ఆదివారం రాత్రి ఆ వారం ఫోటోల్లోంచి మూడో నాలుగో ఎంచి వేరే ఫోల్డర్‌లో వేయండి. నెలకోసారి ప్రింట్ తీయించండి. 4×6 అంగుళాల ప్రింటుకు కనీసం 1200×1800 పిక్సెళ్ళు ఉంటే అంగుళానికి 300 చొప్పున స్పష్టంగా వస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలు కుదించుకుపోతాయి, అందుకని బంధువుల దగ్గర నుంచి తెప్పించుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి. నిగనిగలాడే ప్రింట్ల కన్నా మ్యాట్ ప్రింట్లు మేలు. చిన్న వేళ్ళ ముద్రలు అంతగా కనిపించవు.

తాతల కాలం నాటి ఒకే ఒక్క ఫోటో ఉంటే దాన్ని ఎప్పుడూ అంటించకండి. స్కాన్ తీసి కాపీని వాడండి.

5. మాట్లాడటం: అసలు పని ఇదే

పేజీ మీద చెయ్యి పెట్టే ముందు పావుగంట కబుర్లు. దీన్ని దాటేసి నేరుగా కత్తెర పట్టుకునేవాళ్ళు చాలామంది. అలా చేస్తే మిగిలేది అలంకరణే.

రాబిన్ ఫైవష్ అనే మనస్తత్వవేత్త ఎమరీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఒక విషయాన్ని పరిశీలించారు: జరిగిపోయిన సంగతుల గురించి తల్లిదండ్రులు పిల్లలతో ఎలా మాట్లాడతారు అని. ఏమైంది, ఎలా, ఎందుకు అని విప్పి అడుగుతూ, బిడ్డ చెప్పిన ముక్కను అందుకుని ఇంకాస్త పొడిగిస్తూ మాట్లాడే ఇళ్ళలో పిల్లలు తమ జ్ఞాపకాలను మరింత వివరంగా చెప్పగలుగుతున్నారని ఆవిడ, ఆ రంగంలోని ఇతరులు గమనించారు. స్క్రాప్‌బుక్ ముందు కూర్చుంటే అలాంటి మాటలకు వంక దొరికినట్టే.

"బాగుందా?" అని అడిగితే "ఊఁ" అంటారు, అక్కడితో సరి. మా చిన్నవాడికి నాలుగేళ్ళప్పుడు, ఒక వాన రోజు గురించి మా మధ్య నడిచిన మాటలు ఇవి:

"ఆ రోజు వానలో ఇంటికి ఎలా వచ్చాం కన్నా?"
"గొడుగులో."
"గొడుగులో ఎవరెవరం ఉన్నాం?"
"నువ్వు, నేను, నా బ్యాగు. నాన్న బయట."
"నాన్న ఎందుకు బయట?"
"నాన్న పెద్దోడు కదా. త్వరగా ఆరిపోతాడు."

ఈ ఆఖరి ముక్క నేను కల్పించి రాయగలిగేది కాదు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టడం వల్ల దొరికింది. మీరూ అలాగే చేయండి. తర్వాత విని, ఉన్నదున్నట్టు రాయండి. "నాన్న వానలో తడిశారు, మేము గొడుగులో వచ్చాము" అని దిద్ది రాస్తే అది మీ వాక్యం అయిపోతుంది. వాడు ‘గొలుగు’ అంటే ‘గొలుగు’ అనే రాయండి. ఆ పలుకు ఇంకో ఆరు నెలల్లో పోతుంది, మళ్ళీ రాదు.

ఒకే సంఘటన ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుండటం తరచూ జరుగుతుంది. తీర్పు చెప్పకండి. పేజీ మధ్యలో గీత గీసి, ఒక వైపు అక్క చెప్పింది, రెండో వైపు తమ్ముడు చెప్పింది రాయించండి. మా పుస్తకంలో అద్దం పగిలిన రోజుకు మూడు కథనాలున్నాయి. మూడింటిలోనూ చెప్పినవాళ్ళు అసలు ఆ గదిలోనే లేరు.

అడగదగ్గ ప్రశ్నలు కొన్ని: అప్పుడు ఏం వినిపించింది? ఎవరు ముందు నవ్వారు? నీ చేతిలో ఏముంది? నీకు కనిపించి నాకు కనిపించనిది ఏంటి? ఈ చివరిది తప్పకుండా అడగండి.

6. పేజీ చేయడం

ఒక పేజీ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. పేరు: ‘ఈ రోజు బ్యాగులో ఏముంది’. ముందుగా ఏమీ సిద్ధం చేసుకోనక్కర్లేదు కాబట్టి మొదటి పేజీగా ఇది బాగా కుదురుతుంది.

బడి నుంచి వచ్చాక, చెప్పాపెట్టకుండా ఏదో ఒక రోజు బ్యాగును నేల మీద బోర్లించమనండి. ముందే సర్దే అవకాశం ఇవ్వకండి. మా ఇంట్లో ఆ రోజు బయటపడినవి: రెండు వైపులా చెక్కిన పెన్సిల్, పళ్ళ గాట్లున్న రబ్బరు, మూత లేని పెన్ను, పెన్ను లేని మూత (రెండూ వేర్వేరు రంగులు), నాలుగు మడతల చీటీ, ఎవరిదో తెలియని ఒక సాక్సు. పైనుంచి ఒక ఫోటో తీశాం. తర్వాత ఏ4 కాగితం మీద ఒక్కో వస్తువును పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసింది పాప. లోపల పేరు రాసి, రంగు వేసి, కత్తిరించింది. ప్రతి దాని పక్కన దాని కథ: "ఈ మూత నాకు దొరికింది. పెన్ను కూడా దొరుకుతుందని ఉంచాను." చీటీని మాత్రం అంటించనంది. అది స్నేహితురాలి రహస్యం. చిన్న కవరు చేసి అందులో పెట్టి, మూసి, ఆ కవరును అంటించాం. లోపల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏ పేజీకైనా వరస ఇదే. ముందు జిగురు లేకుండా అన్నీ పేజీ మీద పరిచి చూడండి. పిల్లల్ని అటూ ఇటూ జరపనివ్వండి. కుదిరింది అనుకున్నాక ఫోన్‌తో ఒక ఫోటో తీయండి, అంటించేటప్పుడు ఏది ఎక్కడో మరిచిపోకుండా. పెద్దవి ముందు, చిన్నవి తర్వాత అంటించండి. మాటలకు చోటు ముందే వదలండి, కనీసం పేజీలో మూడో వంతు. చోటు చాలదని మాటల్ని కత్తిరించడం కన్నా ఫోటోను కత్తిరించడం మంచిది. చివరగా మూలలో తేదీ, ఆ పేజీ చేసినవాళ్ళ పేర్లు. సంవత్సరం రాయడం మరవకండి. "మార్చి 4" అని మాత్రమే ఉన్న పేజీలు మా దగ్గర రెండున్నాయి, అవి ఏ ఏటివో ఇప్పుడు తేల్చలేకపోతున్నాం.

మైనపు క్రేయాన్లతో వేసిన బొమ్మ రంగు ఎదుటి పేజీకి అంటుకుంటుంది. మధ్యలో బటర్ పేపర్ ముక్క వేస్తే చాలు.

ఎవరు ఏ పని చేయగలరు అన్నది వయసును బట్టి. రెండు మూడేళ్ళవాళ్ళకు కాగితం చింపడం, స్టిక్కర్లు అంటించడం, గీతలు గీయడం. మూడేళ్ళ లోపు పిల్లలు దగ్గరుంటే గుండీలు, పూసలు అందుబాటులో ఉంచకండి, నోట్లో పెట్టుకుంటారు. నాలుగైదేళ్ళకు మొద్దు మొన కత్తెరతో కత్తిరిస్తారు, వాళ్ళు చెబితే మీరు రాయాలి. ఆరు దాటాక వాళ్ళే రాస్తారు. తొమ్మిది పదేళ్ళు వచ్చాక పేజీ మొత్తం వాళ్ళదే. అప్పుడు మీరు అడిగితేనే సాయం చేసే మనిషి.

ఇక కష్టమైన మాట ఒకటి. ఫోటో వంకరగా అంటిస్తారు. ముఖం మీదే స్టిక్కర్ వేస్తారు. మీ చెయ్యి సరిచేయడానికి పోతుంది. ఆపుకోండి. బిడ్డ పడుకున్నాక ఊడదీసి సరిచేసిన పేజీని వాళ్ళు మర్నాడే గుర్తుపడతారు, ఆపైన ఆ పుస్తకం మీదే అవుతుంది. మీకు నీటుగా చేయాలనిపిస్తే ఎదుటి పేజీ మీరు తీసుకోండి. అదే రోజును మీ వైపు నుంచి రాయండి. వంకర పేజీ, తిన్నని పేజీ పక్కపక్కనే ఉంటే ఎంతో బాగుంటుంది.

7. ఏం రాయాలో తోచనప్పుడు

పొద్దున్న ఇంట్లోంచి బయటపడే ముందు పది నిమిషాలు, నిమిషానికొక వాక్యం. ఇంట్లో అందరి చెప్పుల అడుగులు కాగితం మీద పెట్టి గీసి, ఒకదానిలో ఒకటి. బిడ్డ సొంతంగా పుట్టించిన మాటల నిఘంటువు, ప్రతి నెలా పెరిగేది. ఒకే కిటికీ నుంచి నెలకొక ఫోటో, పన్నెండు నెలలు. రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకుని తెల్లారేసరికి ఎక్కడ తేలారో చూపే పటం. ఎత్తును గోడ మీద కాకుండా పొడవాటి కాగితపు పట్టీ మీద గుర్తుపెట్టి, మడిచి పేజీకి కుట్టండి. ఇల్లు మారినా అది మీతో వస్తుంది.

జ్వరం వచ్చిన రోజులు, పెంపుడు జంతువు పోయిన రోజు, ఇల్లు ఖాళీ చేసిన రోజు కూడా పుస్తకంలో ఉండవచ్చు. పిల్లల్ని అడిగి, వాళ్ళు సరేనంటేనే. మా కుక్క పోయాక పాప ఆ పేజీ మీద దాని గొలుసు నీడను పెన్సిల్‌తో గీసింది, ఇంకేమీ రాయనంది. ఆ పేజీలో అంతే ఉంది.

మధ్యలో మూడు నెలలు ఏమీ చేయలేకపోయారా? జరుగుతుంది. వెనక్కి వెళ్ళి పూరించాలని చూడకండి. ఒకే పేజీ తీసి, "ఈ మూడు నెలలు మేం రాయలేదు, ఎందుకంటే..." అని ఇంట్లో ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం రాయించి, ఈ వారంలోకి వచ్చేయండి.

8. భద్రపరచడం

ప్రతి పేజీ పూర్తికాగానే కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నిలువుగా పైనుంచి ఒక ఫోటో తీయండి. ఆ ఫోటోలకు 3-2-1 పద్ధతి పాటించండి: మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. మాటల రికార్డింగులను కూడా అదే ఫోల్డర్‌లో పేజీ తేదీతో దాచండి. నాలుగేళ్ళ గొంతు వినాలంటే కాగితం చాలదు.

పుస్తకాన్ని ఎండ, తేమ తగలని చోట ఉంచాలి. వంటగది, స్నానాలగది గోడకు ఆనుకున్న అల్మరా, అటక పనికిరావు. గాల్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే కాగితానికి, ఫోటోలకు మంచిది. మందమైన వస్తువులున్న ఆల్బమ్‌ను పడుకోబెట్టి ఉంచండి, పైన బరువు పెట్టకండి. జిగురు, పిండి ఉన్న కాగితాన్ని తినే వెండిపురుగులు వస్తాయి కాబట్టి రెండు నెలలకోసారి పేజీలన్నీ తిప్పి దులపండి.

పేజీలను నలుగురికీ ఆన్‌లైన్‌లో చూపించే ముందు ఒకసారి ఆగి చూడండి. వాటిలో బడి పేరు, ఇంటి ముందు భాగం, బస్సు వేళ ఉండవచ్చు. వాళ్ళ మాటలు వాళ్ళవి కాబట్టి బిడ్డను కూడా అడగండి. వద్దంటే వద్దు.

9. తిరిగి చదవడం

పుస్తకం పిల్లల చేతికి అందే అరలోనే ఉండాలి. చిరుగుతుందేమో, మాసిపోతుందేమో. కాపీ ఉంది కదా. నెలకోసారి పడుకునే ముందు కథకు బదులు ఒక పాత పేజీ తీయండి. మీరు చదవకండి, వాళ్ళను చెప్పనివ్వండి. కొత్తగా ఏదో ఒకటి బయటికొస్తుంది. గొడుగు పేజీ రెండేళ్ళ తర్వాత తీస్తే మావాడు, "నాన్న ఆ రోజు పాట పాడాడు, నువ్వు వినలేదు" అన్నాడు. ఆ పేజీకి ఒక చిన్న చీటీ అంటించి ఆ ముక్క రాయించాం. మీరూ పెన్సిల్ అక్కడే ఉంచుకోండి. పాత రాతను దిద్దకుండా, కొత్త మాటను పక్కనే రాసి, కింద ఆ రోజు తేదీ వేయండి, సంవత్సరంతో సహా.